ఉతికే సోడాతో కొన్న ఇల్లు

ఆ రోజుల్లో ఇల్లు కొనడమంటే కాగితాలు చూడటం కాదు, నీళ్ళు చూడటం. మా గద్వాల చుట్టుపక్కల ఎవరైనా ఇల్లు కొనాలనుకుంటే ముందు బావిలోకి తొంగి చూసేవారు, తర్వాత చేద వేసి తోడేవారు, ఆ తర్వాత దోసిలి పట్టి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఏదో మంత్రం జపిస్తున్నట్టు కాసేపు నిలబడేవారు. గోడ వంకరగా ఉంటే సర్దుకునేవారు, దర్వాజా గుమ్మం తలకు తగిలితే వంగి నడిచేవారు, నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటే మాత్రం ఉమ్మేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. అలాంటి కాలంలో, పదిహేడేళ్ళు కూడా సరిగ్గా నిండని వయసులో, ఉప్పునీళ్ళ బావి ఉన్న ఇంటిని మా అత్తవారి చేత కొనిపించడానికి నేను చేసిన పని ఒకటుంది. మా పిల్లలకు ఇంతవరకూ చెప్పలేదు. నన్ను కోప్పడవలసిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు గనక చెబుతున్నాను.

మా అత్తవారిల్లు కోట పక్క ఇరుకు గల్లీలో ఉండేది. పదకొండు మందిమి, ఒకటే పొయ్యి. ఆ వంటింటికి కిటికీ అన్నది లేదు. పొయ్యి ముట్టిస్తే పొగ మా ముఖాల మీదుగా నడిచి, దర్వాజా వెతుక్కుని, తీరిగ్గా బయటికి పోయేది. కొత్తగా పెళ్ళయిన మాకు జొన్నల బస్తాలుండే గది ఇచ్చారు. గది మంచిదే. కానీ పదకొండు మంది తినే ఇంట్లో జొన్నలు ఎప్పుడు కావలసి వస్తాయో ఎవరు చెప్పగలరు? మేము ఏదైనా మాట మొదలుపెట్టామో లేదో దర్వాజా దగ్గర మా తోడికోడలు చేటతో ప్రత్యక్షమయ్యేది. "జొన్నలకొచ్చిన, మీరు కానియ్యిండ్రి" అనేది పాపం, ఎంతో మర్యాదగా. (ఏం కానిస్తాం? ఆ మొదటి ఏడాది మా ఆయన నాతో ఏ మాటనూ చివరిదాకా చెప్పిన గుర్తు లేదు.)

మా ఆయన రైల్వే స్టేషన్ దగ్గర పల్లీల మిల్లులో గుమాస్తా. రైలు వచ్చిన తర్వాత అక్కడ కొత్తగా ఒక పేట లేచింది. తుమ్మ చెట్ల మధ్య మిల్లు, రెండు గోదాములు, ఒక చాయ్ హోటలు, అక్కడొకటీ ఇక్కడొకటీగా పదిహేను ఇళ్ళు. మా ఆయనకు ఆ పేట అంటే పిచ్చి. "ఇంకో నాలుగేండ్లు ఆగి చూడు, గద్వాల గద్వాలంత గిటే వస్తది. అప్పుడు కొందామంటే జాగ ఏడ దొరుకుతది?" అని రోజూ అనేవారు. ఇంటి పెద్ద మా పెద్ద బావగారు. ఆయన నవ్వేవారు. "రైలు కూత, నక్క కూత తప్ప ఇంకేమన్న వినబడుతదారా ఆడ? మనుషులు ఉండే జాగనా అది?" అనేవారు. ఆయన మాట ఇంట్లో చెల్లేది. అయితే ఆయన కూడా మా అత్తమ్మ మాటకు మాత్రం ఎదురు చెప్పేవారు కాదు.

అప్పుడే గాజుల ఖాలా ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఖాలా అంటే పిన్నమ్మ, ఊరంతా ఆమెను అలాగే పిలిచేది. మా గల్లీలన్నీ తిరిగి గాజులు అమ్మేది. గద్వాలలో ఆమె చేతుల్లో చెయ్యి పెట్టని ఆడది లేదు. భర్త పోయాడు, కూతురు మహబూబ్‌నగర్‌లో ఉంది, మనవల దగ్గరికి పోవాలని ఆమెకు ఆత్రం. స్టేషన్ పేటలో రెండు గదులు, ముందొక అరుగు, వెనక బావి ఉన్న ఇల్లు. ధర మా ఆయనతో మాట్లాడుకుంది. బయానా సొమ్ము ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

ఒక రోజు మిల్లుకు సద్ది తీసుకుపోతున్న వంకతో నేను ఆ ఇల్లు చూసి వచ్చాను. ఏమని చెప్పను! గదికి గది, గదికి తలుపు, తలుపుకు గొళ్ళెం. ఆ గొళ్ళేన్ని పట్టుకుని నేను నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లు తీశాను. జొన్నలు లేని గది నా జీవితంలో మొదటిసారి చూశాను. ఆ సంబరంలో వెనక్కి వెళ్ళి, బావిలో చేద వేసి, ఒక గుక్క తాగాను. నాలిక మీద నీళ్ళు పడగానే గుండె జారిపోయింది. ఉప్పు. సముద్రమంత కాదు గానీ, దాచిపెట్టగలిగినంత తక్కువ కూడా కాదు. ఖాలా నా ముఖం చూడకుండా అటు తిరిగి గాజుల మల్లారం మూట సర్దుకుంటోంది. మూతి తుడుచుకుని, "బాగున్నది ఖాలా ఇల్లు" అని వచ్చేశాను.

ఆ సాయంత్రం అందరి ముందూ ఇంటి సంగతి వచ్చింది. పెద్ద బావగారు ఎప్పటిలాగే నక్కల దగ్గర మొదలుపెట్టారు. మా ఆయన నాలుగేళ్ళ దగ్గర మొదలుపెట్టారు. మా అత్తమ్మ చేతిలో ఉన్న చింతగింజలు పక్కన పెట్టి, "ఆగుండ్రి" అంది. ఇద్దరూ ఆగారు. "నక్కలు నాకొద్దు, నాలుగేండ్లు నాకొద్దు. ఆ బాయి నీళ్ళల్ల కందిపప్పు ఉడుకుతదా, ఉడకదా? ఉడికితే కొందం, ఉడకకుంటే ఆ ముచ్చట మల్ల ఈ ఇంట్ల ఎత్తొద్దు. ఎల్లుండి నేనే వస్త. ఇగో, ఈ పిల్ల వండుతది" అని నా వైపు చెయ్యి చూపించింది.

ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదని మా ప్రాంతంలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా గింజ గింజగా, గులకరాళ్ళలా కుండలో దొర్లుతూ ఉంటుంది. బావగారి ముఖం వికసించింది. "మంచి మాట చెప్పినవమ్మా" అన్నారు. మా ఆయన ముఖం కూడా వికసించింది. ఆయనకు పప్పు తినడమే తెలుసు, నీళ్ళ సంగతి తెలియదు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం అన్నం సయించనిది నా ఒక్కదానికే.

మా అమ్మగారింట్లో ముదురు శనగలు వండేటప్పుడు చిటికెడు సోడా వేసేవారు. ఆ సంగతి గుర్తొచ్చింది. మర్నాడు పసుపు కావాలని చెప్పి గల్లీ చివర కిరాణా దుకాణానికి పోయాను. దుకాణం సేటు చెవుల దగ్గర చక్కెరలాంటి తెల్లవెంట్రుకలున్న ముసలాయన. లోకంలో ఎంత రహస్యమైనా పెద్ద గొంతుతోనే మాట్లాడతాడు. "సోడా కావాలె" అన్నాను మెల్లగా. "ఏ సోడా బిడ్డా? తినేదా, ఉతికేదా?" అని గల్లీ అంతా వినిపించేలా అడిగాడు. నేను నోరు తెరవబోతుండగా బస్తాల వెనక నుంచి బీడీ కట్ట పట్టుకుని మా పెద్ద బావగారు బయటికి వచ్చారు. నా పైట కొంగు తల మీదికి లాక్కుని, ప్రాణం అరచేతిలో పెట్టుకుని, "ఉతికేది" అన్నాను. బావగారు తల ఊపి, "మంచిది. దుప్పట్లు మాసినయ్, అవి సుత నానబెట్టు" అని వెళ్ళిపోయారు. సేటు చాకలి సోడా పొట్లం కట్టి ఇచ్చాడు.

మళ్ళీ వెళ్ళి తినే సోడా అడుగుదామంటే ధైర్యం చాలలేదు. ఉతికే సోడా కొన్న మనిషి వెంటనే వచ్చి తినే సోడా అడిగితే సేటు ఊరుకుంటాడా? పొట్లం విప్పి చూశాను. పటిక ముక్కల్లాంటి తెల్లటి గింజలు. సోడా సోడాయే కదా అని ఒక మనసు చెప్పింది. మురికి దుప్పట్లను తెల్లగా చేసేది మనిషి కడుపులోకి పోతే ఏం చేస్తుందో అని ఇంకో మనసు అడిగింది. రెండు మనసులకూ జవాబు చెప్పలేక, ఒక ముక్క రోట్లో నూరి, కొంగు చివర ముడి వేసుకున్నాను. మిగిలిన దాంతో బావగారి దుప్పట్లు నానబెట్టి ఉతికాను. (ఆ దుప్పట్లు అంత తెల్లగా అంతకు ముందెన్నడూ కాలేదు. వాటిని ఆరేస్తున్నంతసేపూ నాకు అత్తమ్మ కడుపే గుర్తొచ్చింది.)

అనుకున్న రోజు పొద్దున్నే మా ఆయన, అత్తమ్మ, నేను బయలుదేరాం. కుండ మాది, పప్పు మాది, కట్టెలు కూడా మావే. అత్తమ్మ తెల్ల చీర కట్టుకుని, కచ్చేరిలో తీర్పు చెప్పే హాకిం నడిచినట్టు ముందు నడిచింది. ఖాలా పొయ్యి శుభ్రంగా అలికి పెట్టింది. వంటింట్లో ఒక గోలెం నిండా నీళ్ళు పోసి ఉంచింది. "మీకెందుకు తకిలీఫ్ అక్కా, నేనే తోడి పెట్టిన" అంది. (మా అత్తమ్మ పట్టింపంతా నీళ్ళ రుచి దగ్గరే గానీ, తోడిన చేతి దగ్గర కాదు.) అత్తమ్మ "సరే తియ్యి" అని వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి మీద కుండ పెట్టాను, నీళ్ళు పోశాను, పప్పు కడిగి వేశాను. ఇక సోడా వెయ్యాలి. అత్తమ్మ కదిలితేగా? ఆమె పొయ్యి వైపు చూడటం లేదు గానీ, ఆ గది వదిలి పోవడమూ లేదు. నా కొంగు చివర ముడి నిప్పుకణికలా కాలుతోంది.

బయట మా ఆయన ఇంటి చుట్టూ అడుగులతో కొలుచుకుంటూ తిరుగుతున్నారు. ఒక్కో చుట్టుకూ ఒకసారి గుమ్మంలో తల పెట్టి "ఉడికిందా?" అంటున్నారు. మూడోసారికి అత్తమ్మ విసుక్కుంది. "పప్పా, పాలా రా గింతలనే పొంగనీకి?" అని ఆయన్ను కోప్పడటానికి గుమ్మం దాకా లేచింది. ఆ క్షణంలో ముడి విప్పాను. చిటికెడు వెయ్యాలనుకున్నాను. తొందరలో ముడిలో ఉన్నదంతా పడిపోయింది. కుండలో ఒక్కసారి బుస్సుమని నురుగు లేచింది, గరిటెతో అణిచాను, మళ్ళీ లేచింది, మళ్ళీ అణిచాను. అత్తమ్మ వచ్చి కూర్చునేసరికి నేను కుండకు మొక్కుతున్న దానిలా దాని మీదికి వంగి ఉన్నాను.

ఉడకడమంటే అదొక ఉడకడమా! పప్పు మెత్తబడటం నేను చూడలేదు. కాసేపు పప్పు ఉంది, కాసేపటికి లేదు. గరిటె పెట్టి కిందా మీదా వెతికాను. ఒక్క బద్ద తగిలితే ఒట్టు. కుండలో చిక్కటి, మట్టిరంగు గంజి ఒకటి జారుతూ తిరుగుతోంది. ఉప్పు, పసుపు, నాలుగు పచ్చిమిరపకాయలు, చింతపండు ఎక్కువగా వేసి, వాసన తెలియకుండా ఎల్లిపాయ దంచి పోపు పెట్టాను. అత్తమ్మ ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె తుంచి, అందులో ముంచి, నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. "మెత్తగున్నది" అంది. మా ఆయన గుమ్మంలో నుంచి, "అయితే బయానా ఇయ్యనా?" అన్నారు. "జర ఆగు. తిన్నది అరగనీ" అంది ఆమె. రొట్టె మొత్తం తింది. పప్పు రెండోసారి వేయించుకుంది. నేను "వద్దత్తమ్మా, వేడి చేస్తది" అన్నా వినలేదు. మా ఆయన తినబోతే మాత్రం, మీకు మిల్లుకు ఆలస్యమవుతుందని చెయ్యి కడిగించాను. (మొగుడి ప్రాణం కాపాడుకున్నాను, అత్తగారి ప్రాణం సంగతి దేవుడికి వదిలేశాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) ఆయన, ఒక్క గంటలో వస్తానని చెప్పి మిల్లుకు పోయారు.

తిన్న తర్వాత అత్తమ్మ అరుగు మీద కొంగు పరుచుకుని పడుకుంది. ఆమెకు తిన్నాక కునుకు అలవాటే. పడుకున్న క్షణం నుంచే గురక మొదలయ్యేది, మా గల్లీలో దాన్ని బట్టి పొద్దు తెలుసుకునేవారు. ఆ రోజు గురక లేదు. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. లేదు. దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. లేదు. ముఖం పాలిపోయినట్టు కనిపించింది. పొట్ట కదులుతోందా లేదా అని చూశాను, నా కళ్ళు తిరుగుతుంటే లోకమంతా కదిలినట్టే ఉంది. పెద్ద బావగారు, తెల్లటి దుప్పట్లు, కిరాణా సేటు పెద్ద గొంతు, "ఉతికేదే కొన్నదయ్యా, నేనే ఇచ్చిన" అని అతను పోలీసు అమీనుకు చెప్పడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మెల్లగా వేలు తీసుకెళ్ళి ఆమె ముక్కు కింద పెట్టాను.

అత్తమ్మ కళ్ళు తెరిచింది. "ఏందే, పీనుగును చూసినట్టు చూస్తున్నవ్?"

నేను భోరుమన్నాను. "అత్తమ్మా, పప్పుల సోడా ఏసిన! తినేది కాదు, ఉతికేది! నువ్వు సచ్చిపోతవేమోనని..." అంటూ ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఆమె లేచి కూర్చుంది. ఆ తర్వాత నాలిక బయటికి చాపి, కళ్ళు కిందికి దించి దాన్ని చూసుకోవడానికి ప్రయత్నించింది. "అందుకేనా, నాలిక గింత సాఫైంది" అంది.

నా ఏడుపు విని ఖాలా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. సంగతి విని తల పట్టుకుంది. "హాయ్ అల్లా! సోడా ఎందుకేసినవ్ బేటీ? నేను బాయి నీళ్ళే పెట్టలేదు గదా! పొద్దు పొడవకముందే స్టేషన్ బాయికి పోయి ఎనిమిది బిందెలు మోసి గోలెం నింపిన. మీఠా పానీ అది. నడుములు పడిపోయినయ్ నాకు" అంది. అప్పటికి గానీ తాను ఏం చెప్పేసిందో ఆమెకు తెలియలేదు. నోటి మీద చెయ్యి వేసుకుని అత్తమ్మ వైపు చూసింది. "మాఫ్ చెయ్యి అక్కా. ఇల్లు కొననీకి ఇద్దరొచ్చి నీళ్ళు తాగి పోయిండ్రు. మూడోసారి సుత గట్లనే పోతే నా మనవళ్ళ తాన ఎప్పుడు పోత నేను?" అని ఆమె కూడా కొంగు కళ్ళకు అద్దుకుంది.

మంచినీళ్ళకు సోడా తోడైతే పప్పు మాయం కాక ఏమవుతుంది! ఇల్లు పోయింది, పరువు పోయింది అని నేను తల వంచుకున్నాను. అత్తమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నేను కాపురానికి వచ్చిన తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"మీ ఇద్దరి కష్టం ఏట్ల కలిసె" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ బాయి ఉప్పని నాకు తెల్వదనుకున్నరా? పోయిన వారం నేనొక్కదాన్నే వచ్చి తాగిపోయిన. ఈ ఖాలా గాజులమ్మనీకి పోయింది అప్పుడు."

"మరి పప్పు పరీక్ష ఎందుకు పెట్టినవత్తమ్మా?" అన్నాను వెక్కుతూ.

"పెద్దోని నోరు ఇంకెట్ల మూపియ్యాలె? పప్పు ఉడికితే కొందమన్న, వాడు ఒప్పుకునె. ఉడికిందో లేదో చెప్పేది నేను గదా. రాళ్ళలెక్క ఉన్నా మింగి, మెత్తగున్నదనే అందును. పళ్ళు పోతే పోయినయని గట్టిగ అనుకోనే వచ్చిన." వంటింటి వైపు చూసింది. పొయ్యి పక్క గోడకు చిన్న కిటికీ ఉంది, దానికి రెండు కర్ర ఊచలు. ఉదయం ఆమె చూస్తూ కూర్చున్నది పొయ్యిని కాదు, దాన్నని అప్పుడు తెలిసింది నాకు. "పొయ్యి కాడ కిటికీ ఉన్నదే. పొగ చూసినవా ఎట్ల పోతున్నదో? ముప్పై ఏండ్లాయె నేను ఆ ఇంట్ల పొయ్యి ఊదబట్టి. నా కండ్లు ఎట్లనూ పోయినయి. నీ కండ్లన్న ఉండనీ" అంది.

మా ఆయన మిల్లు నుంచి పరుగున వచ్చేసరికి ముగ్గురం అరుగు మీద ముక్కులు ఎర్రగా చేసుకుని కూర్చున్నాం. ఆయన ముఖం వాడిపోయింది. "ఉడకలేదా?" అన్నారు. "నీ పెండ్లాం వండితే ఉడకకేం? బయానా ఇయ్యి" అంది అత్తమ్మ. ఆయన బయానా ఇచ్చారు. ఖాలా తన మల్లారం విప్పి, నా రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు నిండుగా తొడిగింది. వచ్చేటప్పుడు దారిలో అత్తమ్మ నా పక్కన నడుస్తూ, మా ఆయనకు వినబడకుండా చెప్పింది: "తాగనీకి స్టేషన్ బాయి నీళ్ళు రెండు బిందెలు తెచ్చుకో. కూరకు పెసరపప్పు వండు, అది ఏ నీళ్ళల్లనన్న ఉడుకుతది. పప్పు మార్చుకోవచ్చు గానీ, పప్పు కోసం ఇల్లు ఇడిచిపెడ్తమా?"

ఇంటికెళ్ళాక బావగారు ఏమైందని అడిగారు. "వెన్నలెక్క ఉడికింది" అంది ఆమె, కళ్ళు కూడా ఆర్పకుండా.

ఇంత పరేషాన్ పడి కొన్న ఇంట్లోకి మంచిరోజు చూసుకుని మేమిద్దరం చేరాం. మా ఆయన మిల్లుకు పోయారు. నేను గదులు ఊడ్చాను, గొళ్ళెం వేశాను, తీశాను. వంట అయిపోయింది, ఇద్దరి వంట ఎంతసేపని! ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. అరుస్తున్న వాళ్ళు లేరు, పిలుస్తున్న వాళ్ళు లేరు, చేట పట్టుకుని గుమ్మంలో నిలబడి "మీరు కానియ్యిండ్రి" అనే వాళ్ళు లేరు. తుమ్మ చెట్ల మీద ఎండ తప్ప మనిషి జాడ లేదు. రైలు కూసింది, పోయింది. నేను గదిలో మధ్యన కూర్చుని ఏడ్చాను. మూడో రోజుకు ఇక ఉండబట్టక, అత్తవారింటి నుంచి తెచ్చుకున్న జల్లెడ ఒకటి చంకలో పెట్టుకుని, తలుపుకు తాళం వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో కోట దాకా నడిచి వెళ్ళాను.

అత్తమ్మ పల్లీలు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఎందుకొచ్చినవే గింత ఎండల?" అంది.

"జల్లెడ ఇయ్యనీకి."

"అది నీకే ఇచ్చిన గదనే."

ఆమె కాస్త పక్కకు జరిగి, పల్లీల చేట నా వైపు తోసింది. పొద్దు వాలేదాకా ఒలుచుకుంటూ కూర్చున్నాం. మా ఆయన మిల్లు నుంచి స్టేషన్ పేట ఇంటికి వెళ్ళి, తాళం చూసి, తిన్నగా అక్కడికే వచ్చారు. ఇద్దరం అక్కడే తిని, నడుచుకుంటూ మా ఇంటికి వెళ్ళాం. ఆ నెలంతా దాదాపు ప్రతిరోజూ అంతే. జల్లెడ ఒకరోజు ఇచ్చేదాన్ని, మర్నాడు వెళ్ళి అడిగి తెచ్చుకునేదాన్ని.

మా ఆయన చెప్పిన నాలుగేళ్ళు కాకపోయినా, పదేళ్ళకు ఆ పేట ఊరయింది. నక్కలు పోయాయి, ఇరుగుపొరుగు వచ్చారు, నాకు కోట దాకా నడిచే తీరిక లేకుండా పోయింది. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే అప్పుడప్పుడు ఆ పిల్ల కనిపిస్తుంది: చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, చంకలో జల్లెడ, ముఖం నిండా చెమట, సొంత ఇంటికి తాళం వేసి హడావుడిగా పరుగెడుతోంది. పిలిచి నీడలో కూర్చోబెట్టి, అంత తొందరేమిటే, ఉండవే కాసేపు అందామనుకుంటాను. కానీ ఆ పిల్లకు కోట దగ్గర పల్లీలు ఒలిచే మనిషి ఇంకా ఉంది కదా, పోనీలే అని నవ్వుకుని ఊరుకుంటాను.